టైంటేబుల్ యంత్రం వేసినా, పేర్లు మనమే చదవాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు పాత జ్ఞాపకాలేవో చెప్పమంటారనుకున్నాను. కార్యదర్శిగారు మాత్రం, "జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నువ్వు నీ పని గురించి చెప్పు. వచ్చే ఏడు బడిలో పదకొండో తరగతి మొదలవుతోంది, మన సంఘం తరఫున టైంటేబుల్ సాఫ్ట్‌వేర్ కొని ఇద్దామనుకుంటున్నాం. దాని సంగతి కాస్త అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనే చేస్తున్నాను. హైదరాబాదులో కూర్చుని ఎక్కువగా ఇంగ్లండులోని బడుల కోసం, ఏ పిల్లకి ఏ సబ్జెక్టు, ఏ గంటకి, ఏ గదిలో అని తేల్చే ప్రోగ్రాముల మీద పనిచేస్తుంటాను. మా ఇంట్లో ఇప్పటికీ నేనేం చేస్తానో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకని ఈ అవకాశం ఇచ్చినందుకు కమిటీకి రెండు విధాలుగా కృతజ్ఞతలు.

మనలో చాలామందికి టైంటేబుల్ అంటే హెడ్‌మాస్టారి గదిలో గోడకి అతికించిన పెద్ద చార్టు. అడ్డంగా పీరియడ్లు, నిలువుగా తరగతులు, ఒక్కో మాస్టారికి ఒక్కో రంగు పెన్సిలు. ప్రతి జూన్‌లోనూ దాన్ని వేసే పని ఫస్ట్ అసిస్టెంటుగారి మీద పడేది. ఒకే మాస్టారు ఒకే గంటకి రెండు తరగతుల్లో ఉండకూడదు, లెక్కల పీరియడ్ భోజనం తరవాత పడకూడదు, డ్రిల్లు ఆఖరి పీరియడ్ అయితే మంచిది. మొత్తం మీద కష్టమంతా మాస్టార్లను సర్దడంలోనే ఉండేది. పిల్లల్ని సర్దవలసిన పని లేదు. తొమ్మిదో తరగతి 'బి' సెక్షన్ అంటే అందరూ ఒకటే కట్ట. అందరికీ అవే పాఠాలు, అదే గది.

ఒక్క చోట మాత్రం ఆ కట్ట విడిపోయేది. మా రోజుల్లో మాకు ఉన్న ఎంపిక ఒక్కటే. మొదటి భాష ఉత్త తెలుగా, సంస్కృతం కలిసిన కాంపోజిట్ తెలుగా అన్నది. సంస్కృతం తీసుకున్నవాళ్ళు రెండు సెక్షన్ల నుంచీ లేచి వేరే గదికి వెళ్ళేవాళ్ళు. ఆ గంటకి రెండు సెక్షన్లలోనూ తెలుగు పీరియడే ఉండాలి, సంస్కృతం మాస్టారు ఖాళీగా ఉండాలి, ఒక గది ఖాళీగా ఉండాలి. ఈ మూడూ కుదరాలి కాబట్టి ఫస్ట్ అసిస్టెంటుగారు ఆ గడిని అందరికంటే ముందు నింపి, మిగతావి తరవాత చూసుకునేవారని విన్నాను. నా ఉద్యోగంలో చేసేదంతా ఇదే. కాకపోతే ఒక్క సబ్జెక్టుకి బదులు పది సబ్జెక్టులకి చేస్తాం.

2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం ఆర్ట్స్ అనీ సైన్స్ అనీ గట్టి గోడలు ఉండకూడదని చెప్పింది. సీబీఎస్‌ఈ పదకొండులో ఇంగ్లీషు లాంటి ఒక భాషతో పాటు మరో నాలుగు సబ్జెక్టులు తీసుకుంటారు. కావాలంటే ఆరోది అదనంగా తీసుకోవచ్చు. మన ఎంపీసీ, బైపీసీలకు అలవాటుపడిన మనకి ఇది కొత్త. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పాటు హిస్టరీ చదువుతానని ఒక పిల్ల అడగవచ్చు. అడిగే హక్కు ఆ పిల్లకి ఉంది. ఇవ్వగలమా అన్నది బడి టైంటేబుల్ చెబుతుంది. పిల్ల హక్కు నిలబడేదీ, పడిపోయేదీ ఆ కాగితం మీదే. అందుకే ఇది గుమస్తా పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంగ్లండులో పిల్లలు 13, 14 ఏళ్ళకే ఈ ఎంపిక చేసుకుంటారు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు అందరికీ తప్పనిసరి. హిస్టరీ, జాగ్రఫీ, ఫ్రెంచి, బొమ్మలు వెయ్యడం, కంప్యూటర్ సైన్స్ లాంటివాటిలో మూడో నాలుగో ఎంచుకుంటారు. బడివాళ్ళు ఆ కోరికలన్నీ పోగుచేసి, సబ్జెక్టుల్ని కొన్ని వరసలుగా పేరుస్తారు. ఒక వరసలో ఉన్న సబ్జెక్టులన్నీ ఒకే గంటకి జరుగుతాయి. పిల్ల ఒక్కో వరసలోంచి ఒక్కటి తీసుకోవాలి. రెండు ఇష్టాలు ఒకే వరసలో పడ్డాయంటే ఒకటి వదులుకోక తప్పదు.

మన బడికే వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే, అసలు లెక్కలు హెడ్‌మాస్టారి దగ్గర ఉంటాయి. 80 మంది పిల్లలు. అందరికీ ఇంగ్లీషు. మిగతా నాలుగు సబ్జెక్టులకి నాలుగు వరసలు. మొదటి వరసలో ఫిజిక్స్, అకౌంటెన్సీ. రెండో వరసలో కెమిస్ట్రీ, బిజినెస్ స్టడీస్, హిస్టరీ. మూడో వరసలో మ్యాథ్స్, బయాలజీ, ఫిజికల్ ఎడ్యుకేషన్. నాలుగో వరసలో మళ్ళీ మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, మళ్ళీ ఫిజికల్ ఎడ్యుకేషన్. ఇందాకటి హిస్టరీ పిల్లకి ఇందులో దారి ఉంది. మొదటి వరసలో ఫిజిక్స్, రెండో వరసలో హిస్టరీ, మూడో వరసలో మ్యాథ్స్, నాలుగో వరసలో ఎకనామిక్స్. కెమిస్ట్రీ, హిస్టరీ రెండూ కావాలన్న పిల్లవాడికి మాత్రం దారి లేదు.

ఈ వరసల్ని పేర్చడానికి యంత్రం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పది సబ్జెక్టులు, నాలుగు వరసలు, ఒక్కో సబ్జెక్టు ఒక్కచోటే పెట్టినా 10,48,576 రకాలుగా పేర్చవచ్చు. ఆ తరవాత పిల్లల సంగతి. 60 మంది పిల్లల్లో ఒక్కొక్కరినీ రెండేసి విధాలుగా సర్దగలిగితే, మొత్తం ఎన్ని విధాలో రాయడానికి 19 అంకెలు కావాలి. కెనడాలోని టొరంటోలో కాల్విన్ గాట్లీబ్ అనే శాస్త్రవేత్త 1960ల మొదట్లోనే బడి టైంటేబుల్‌ను కంప్యూటర్‌తో వెయ్యడం మీద పనిచేశాడు. 1976లో షిమోన్ ఈవెన్, అలోన్ ఇటాయ్, ఆదీ షమీర్ అనే ముగ్గురు టైంటేబుల్ సమస్య గణితంలో ఎంత మొండి రకానిదో నిరూపించారు. అందులో షమీర్ ఎవరో కాదు, మన బ్యాంకు లావాదేవీలను కాపాడే ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేత పద్ధతిలో 'ఎస్' ఆయనే. అన్ని సందర్భాల్లోనూ త్వరగా, కచ్చితంగా జవాబు చెప్పగలిగే పద్ధతి ఇవాళ్టికీ ఎవరికీ దొరకలేదు. కాబట్టి మీ ఫస్ట్ అసిస్టెంటుగారు జూన్‌లో చిరాకు పడ్డారంటే అందులో ఆయన తప్పేమీ లేదు.

ఇలాంటి చోట యంత్రం బాగా పనికొస్తుంది. మనిషి వారం రోజుల్లో చూడలేనన్ని అమరికలు నిమిషాల్లో చూసి, వాటిలో మంచిది ఒకటి మన ముందు పెడుతుంది. ఆ రోజు స్క్రీన్ మీద ఒక అంకె వస్తుంది. మన ఉదాహరణలో 80 మందికి నాలుగేసి కోరికలంటే మొత్తం 320. అందులో 312 తీరాయనుకుందాం. 97.5 శాతం అని ఆకుపచ్చ రంగులో చూపిస్తుంది. అందరూ సంతోషిస్తారు, టీ తెప్పించుకుంటారు. నేను ఇవాళ మీతో చెప్పదలచుకున్నదంతా ఆ టీ తరవాత జరగవలసిన పని గురించే.

మిగిలిన ఎనిమిది కోరికలు ఎవరివి? ఎనిమిది మంది పిల్లలకి ఒక్కొక్కటి పోయిందా, నలుగురికి రెండేసి పోయాయా? రెంటికీ శాతం ఒకటే. నాలుగింట్లో రెండు పోయిన పిల్లకి తను కోరుకున్న చదువు సగం పోయినట్టే. ఆ సంగతి శాతంలో కనిపించదు. అందుకని సాఫ్ట్‌వేర్ చూపించే అంకెని పక్కన పెట్టి, కోరిక తీరనివాళ్ళ జాబితా అచ్చువేసి, ఒక్కో పేరూ పైకి చదవాలి. చదివేటప్పుడు ఆ పిల్లల క్లాస్ టీచరు పక్కన ఉండాలి. మా దగ్గర సాఫ్ట్‌వేర్ తీసుకున్న బడులకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే.

ఇంగ్లండులో ఒక బడిలో ఇలా పేర్లు చదువుతుంటే నేను పక్కనే ఉన్నాను. పది పన్నెండు పేర్లున్నాయి. సగం చదివాక అక్కడి ఉపప్రధానోపాధ్యాయురాలు ఆగిపోయింది. "వీళ్ళంతా ఏడాది మధ్యలో వచ్చి చేరినవాళ్ళు" అంది. సబ్జెక్టులు వివరించడానికి బడివాళ్ళు పెట్టిన సాయంత్రపు సమావేశానికి ఆ తల్లిదండ్రులెవరూ రాలేదు. కొందరికి ఇంగ్లీషు సరిగ్గా రాదు, కొందరికి రాత్రి డ్యూటీలు. ఫారాలు ఆలస్యంగా ఇచ్చారు. జాబితాలో చివర చేరారు. యంత్రానికి వాళ్ళ మీద కోపమేమీ లేదు. జాబితా వరసలో సీట్లు పంచుకుంటూ వెళ్ళింది, చివరికి వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. ఆమె ఆ జాబితా పట్టుకుని ఆ వారమంతా ఒక్కొక్క పిల్లని పిలిచి మాట్లాడింది. నాకు ఆ ఉద్యోగంలో చాలా గౌరవం కలిగిన రోజుల్లో అదొకటి.

మన దగ్గర ఇది ఇంకో రకంగా వస్తుంది. జాబితా అక్షరక్రమంలో ఉందనుకోండి. మనకి ఇంటిపేరు ముందు రాసే అలవాటు కదా. 'అ'తో మొదలయ్యే ఇంటిపేరువాళ్ళకి అన్నీ దొరుకుతాయి, 'వ'తో మొదలయ్యేవాళ్ళకి మిగిలినవి దొరుకుతాయి. నవ్వుతున్నారు కానీ, ఇది నిజంగా జరిగే పనే. ఫారం ఇచ్చిన క్రమంలో పెడితే, ఊళ్ళో ఉన్నవాళ్ళు మొదటిరోజే ఇస్తారు. బస్సెక్కి వచ్చే పిల్ల, నాన్న పొలం నుంచి వచ్చాక సంతకం చేయించుకుని మూడో రోజున తెస్తుంది. మన ఈఏపీసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టినప్పుడు ముందెవరో వెనకెవరో ర్యాంకు తేల్చేస్తుంది. మంచో చెడో, అది అందరికీ ముందే తెలిసిన నియమం. బడిలో ర్యాంకు లేదు. నియమం మనం రాయకపోతే, జాబితాలో ఎవరి పేరు పైన ఉందన్నదే నియమమై కూర్చుంటుంది. గడువులోపు ఇచ్చిన ఫారాలన్నీ సమానమనీ, పోటీ వస్తే చీటీ తీస్తామనీ, పోయిన విడత కోరిక తీరనివాళ్ళకి ఈసారి ముందు ఇస్తామనీ కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టండి. సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందే చెయ్యవలసిన పని ఇది.

పేర్లు చదివాక రెండో పని, ఫారాలు తీసి చూడటం. టైపు చేసేటప్పుడు తప్పులు పడతాయి. ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే ఒకరి సబ్జెక్టులు ఇంకొకరికి పడతాయి. ఇంకో చిక్కుంది. ఫారంలో 'ఇది దొరక్కపోతే ఇంకేం కావాలి' అని ఒక గడి ఉంటుంది. ఖాళీ వదిలితే ఫారం తీసుకోరేమోనని పిల్లలు ఏదో ఒకటి రాసేస్తారు. యంత్రం దాన్నే కోరికగా తీసుకుని, ఆ సబ్జెక్టులో పెట్టి, కోరిక తీరినట్టే లెక్కవేస్తుంది. రెండో కోరికతో సరిపెట్టినవాళ్ళ జాబితా కూడా విడిగా చూడాలని అందుకే అంటాను.

మూడో పని, పిల్లల్ని కదిపేముందు వరసల్ని చూడటం. మన ఉదాహరణలో తీరని ఎనిమిదీ కంప్యూటర్ సైన్స్ కోరికలే అనుకుందాం. అడిగినవాళ్ళు 38 మంది, ల్యాబులో మిషన్లు 30. మిగిలిన ఎనిమిది మందినీ యంత్రం నాలుగో వరసలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో పెట్టింది. ఇప్పుడు ఆ ఎనిమిది మందిని పిలిచి నచ్చజెప్పడం తేలిక. చాలా బడులు అదే చేస్తాయి. కానీ ఎనిమిది మందిదీ ఒకే సబ్జెక్టు అయినప్పుడు లోపం ల్యాబులో ఉంది, వరసలో ఉంది. మూడో వరసలో కంప్యూటర్ సైన్స్ ఇంకో బ్యాచి పెడితే? ఆ గంటలకి ల్యాబు ఖాళీగానే ఉంది. కావలసింది టీచరుకి వారానికి ఒక ఆరు పీరియడ్లు.

సరే, పెట్టామనుకుందాం. ఆ ఎనిమిది మందికీ మ్యాథ్స్ కూడా ఉంది, అది మూడో వరసలో ఉంది. వాళ్ళు కంప్యూటర్ సైన్స్‌కి మూడో వరసకి వస్తే మ్యాథ్స్‌ని నాలుగో వరసకి మార్చుకోవాలి. నాలుగో వరస మ్యాథ్స్ గది చిన్నది, 30 మందే పడతారు, అప్పటికే 23 మంది ఉన్నారు. ఏడుగురు పట్టారు. ఎనిమిదో పిల్లకి బల్ల లేదు. సాఫ్ట్‌వేర్ 'ఖాళీ లేదు' అని ఎర్రగా చూపిస్తుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు.

అక్కడ ఆగక్కర్లేదు. నాలుగో వరస మ్యాథ్స్‌లో ఉన్నవాళ్ళలో, మూడో వరసలో ఫిజికల్ ఎడ్యుకేషన్ చేస్తున్న పిల్లవాడు ఒకడుంటాడు. ఈ రెండు సబ్జెక్టులూ రెండు వరసల్లోనూ ఉన్నాయి కదా. అతన్ని మ్యాథ్స్‌కి మూడో వరసకి, ఫిజికల్ ఎడ్యుకేషన్‌కి నాలుగో వరసకి మారిస్తే అతని సబ్జెక్టులు అతనికే ఉంటాయి, ఒక బల్ల ఖాళీ అవుతుంది, ఎనిమిదో పిల్ల కూర్చుంటుంది. ఒక్కోసారి ఒకరిని కదిపితే చాలదు, ముగ్గురు నలుగుర్ని గొలుసులా కదపాలి. మా భాషలో వీటిని కెంపె గొలుసులంటాం. ఆల్ఫ్రెడ్ కెంపె లండన్‌లో న్యాయవాది. ఏ పటాన్నైనా నాలుగు రంగులతో నింపవచ్చని 1879లో నిరూపించానన్నాడు. 1890లో హీవుడ్ అనే గణితవేత్త అందులో తప్పు పట్టుకున్నాడు. నిరూపణ నిలవలేదు కానీ, అందులో వాడిన ఈ మార్చుకునే పద్ధతి నిలిచింది. ఇవాళ టైంటేబుల్ ప్రోగ్రాములు కూడా దాన్ని వాడుకుంటున్నాయి.

మంచి సాఫ్ట్‌వేర్ అయితే ఈ గొలుసుల్ని వెతికి చూపిస్తుంది. పక్కన 'నష్టం సున్నా' అంటుంది. అంటే ఎవరి సబ్జెక్టూ పోలేదని. ఆ సున్నాని కూడా క్లాస్ టీచరుకి చూపించాలని నా మనవి. మనం కదిపిన పిల్లవాడికి చెవి సరిగ్గా వినపడక, పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటూ నెట్టుకొస్తున్నాడేమో. ఆ పక్కవాడు పాత వరసలోనే ఉండిపోతాడు. లేదా ఒక టీచరు దగ్గర ఇప్పుడిప్పుడే లెక్కలంటే భయం పోతున్న పిల్లేమో. ఇవేవీ కంప్యూటర్‌లో ఎక్కించి ఉండవు, ఎక్కించకూడదు కూడా. తెలిసిన మనిషి, "వీణ్ణి వద్దు, ఆ రెండోవాణ్ణి కదపండి, వాడు ఎక్కడైనా బతికేస్తాడు" అంటుంది. అంతే, పని అయిపోయింది. ఈ ఒక్క మాట కోసం ఎంత ఖరీదైన ప్రోగ్రామైనా టీచరు మీద ఆధారపడవలసిందే.

ఇక కొన్ని ఆచరణ సంగతులు. ఉపాధ్యాయ మిత్రులు దయచేసి గుర్తుపెట్టుకోండి. మార్పులు మొదలుపెట్టే ముందు ఆ రోజు తేదీ పేరుతో ఒక కాపీ దాచండి. చేత్తో సరిచేసిన పిల్లల పేర్లకి సాఫ్ట్‌వేర్‌లో తాళం వెయ్యండి. ఒక బడిలో రెండు వారాలు కూర్చుని సర్ది, పిల్లలకి చెప్పేశాక, ఆఫీసులో ఇంకొకరు మళ్ళీ 'ఆటోమేటిక్' బటన్ నొక్కారు. సర్దినదంతా చెదిరిపోయింది. ఇంట్లో చెప్పుకుని పుస్తకాలు కూడా కొనుక్కున్న పిల్లలకి సబ్జెక్టులు మారిపోయాయి. అలాగని మొదటిరోజే అందరికీ తాళం వేస్తే, ఇందాక చెప్పిన గొలుసులు కదలవు. చేత్తో తేల్చినవాటికి మాత్రమే వేసి, ఆఖరున అన్నిటికీ వెయ్యాలి.

ఎవరిని ఎందుకు మార్చామో ఒక్క వాక్యం రాసిపెట్టండి. మీకు లీవు సర్దుబాటు రిజిస్టరు అలవాటే కదా, అలాంటిదే ఇంకొకటి. ఇది పిల్లల కోసమే కాదు, మీ కోసం కూడా. జాబితా బయటికి వచ్చిన మర్నాడు కొందరు తల్లిదండ్రులు వస్తారు. కొందరు పెద్దవాళ్ళతో ఫోన్ చేయిస్తారు. ఈ హాల్లో ఉన్న మనలోంచే కొందరం చేస్తాం, కాదనకండి. ఆ పుస్తకం ఉంటే హెడ్‌మాస్టారు, "నియమం ఇదండీ, జరిగింది ఇదండీ" అని చూపించగలుగుతారు. లేకపోతే గట్టిగా అడిగినవాళ్ళ పిల్లకి సీటు దొరుకుతుంది, అడగటం రానివాళ్ళ పిల్ల ఊరుకుంటుంది. మార్పులు కోరుకోవడానికి రెండు వారాలు గడువు పెట్టండి, అందరికీ ఒకే గడువు. అడిగింది ఇవ్వలేకపోయిన పిల్లని మాత్రం జాబితా పెట్టకముందే పిలిచి చెప్పండి. నోటీసు బోర్డు ముందు అందరి మధ్యా నిలబడి తెలుసుకోవడం పదహారేళ్ళ పిల్లకి చాలా కష్టంగా ఉంటుంది.

చిన్న సబ్జెక్టుల గురించి ఒక మాట. హిస్టరీ ఆరుగురే అడిగారనుకోండి. సాఫ్ట్‌వేర్ నివేదికలో ఆ వరసకి ఎదురుగా 'సంఖ్య తక్కువ' అని వస్తుంది. దాన్ని తీసేస్తే శాతం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మిగతావాళ్ళని సర్దడం తేలికవుతుంది. తీసెయ్యాలా వద్దా అన్నది బడి ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. నాకున్న అనుభవంలో, ఒక సబ్జెక్టు ఒక ఏడు ఆగితే మరుసటి ఏడు దాన్ని అడిగేవాళ్ళు తగ్గుతారు, రెండో ఏటికి టీచరు వెళ్ళిపోతారు. ఆ తరవాత, మన ఊళ్ళో హిస్టరీ ఎవరూ చదవరండీ అని మనమే అంటాం. తీసేస్తే తీసెయ్యండి, కానీ కమిటీలో కూర్చుని, ఆ ఆరుగురి పేర్లూ చదివి, అప్పుడు తీసెయ్యండి.

ఇప్పుడు మన సంఘానికి నా సూచన. నేను సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతికేవాణ్ణే, అయినా చెబుతున్నాను. ఖరీదైన ప్రోగ్రాము మన బడికి ఇప్పుడే అవసరం లేదు. టైంటేబుల్ వెయ్యడానికి ఫెట్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. లివియు లాలెస్కు అనే రుమేనియా దేశస్థుడు 2002లో మొదలుపెట్టినది. 80 మంది పిల్లల్ని వరసల్లో సర్దడానికి ఎక్సెల్ షీటు, ఓపికగల ఇద్దరు టీచర్లు చాలు. నేర్పడానికి నేనూ, ఈ రంగంలో ఉన్న మన పూర్వ విద్యార్థులు మరికొందరూ వేసవి సెలవుల్లో వారం రోజులు వస్తాం. సంఘం దాచిన ఆ డబ్బుని ఇందాక నేను చెప్పిన ఆరు పీరియడ్ల లాంటివాటికి ఖర్చుపెడదాం. రెండో బ్యాచికి పార్ట్‌టైమ్ టీచరు కావచ్చు, ల్యాబులో మరి ఎనిమిది మిషన్లు కావచ్చు, హిస్టరీ సబ్జెక్టు రెండేళ్ళు నిలబడటానికి సాయం కావచ్చు. జాబితా చదివితే ఏది కావాలో అదే చెబుతుంది. పిల్లల సంఖ్య 300 దాటిన రోజున సాఫ్ట్‌వేర్ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇంకొక మనవి హెడ్‌మాస్టారికి. ఈ పేర్లు చదివే పనికి టైంటేబుల్‌లో గంట కేటాయించండి. సాయంత్రం బడి వదిలాక, బస్సు టైమవుతుంటే చెయ్యమంటే ఎంత మంచి టీచరైనా ఏం చేస్తారు? మే నెలలో రెండు పూటలు, క్లాస్ టీచర్లందరూ ఒక గదిలో, ఫారాలన్నీ బల్ల మీద. ఆ రెండు పూటలకీ భోజనం ఏర్పాటు మా బ్యాచి చూసుకుంటుంది. కార్యదర్శిగారు ఈ మాట మినిట్స్‌లో రాసుకోవాలని కోరుతున్నాను, తరవాత మావాళ్ళు తప్పించుకోకుండా.

  వచ్చే జూన్‌లో ఈ బడిలో పదకొండో తరగతిలో చేరబోయే పిల్లలందరికీ కోరుకున్న చదువు దొరకాలని, దొరకనివాళ్ళ పేరు ఎవరో ఒక టీచరు నోట వినపడాలని కోరుకుంటున్నాను.